రెండు గుండెలు, ఒకే కొలత

మంగళవారం పొద్దున అక్క గుండెకి తీసిన ఎకో రిపోర్టును నేను ఫైల్లో పెట్టబోతుంటే దాని వెనకాల మా ఆవిడ పాత రిపోర్టు కనిపించింది. ఊరికే తీసి చూశాను. ఆవిడ పేరున్న కాగితం ఏది చేతికి తగిలినా ఊరికే తీసి చూడటం ఆవిడ పోయినప్పటినుంచీ నాకు అలవాటు.

గుండె ఎడమ కింది గది వెడల్పు 4.6 సెంటీమీటర్లు. గోడ మందం 0.9. ఎడమ పై గది 3.4. రక్తాన్ని బయటికి తోసే శాతం 62. వాల్వు దగ్గర రక్తం వేగం సెకనుకి 1.3 మీటర్లు. కింద, అంతా నార్మల్.

అక్క కాగితం దాని పక్కన పెట్టాను.

4.6. 0.9. 3.4. 62. 1.3. అంతా నార్మల్.

కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాను. అంకెలు మారలేదు. పరీక్ష చేసేనాటికి మా ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు. పొడుగ్గా, సన్నగా ఉండేది. అక్కకి ఇప్పుడు డెబ్బై. నా భుజం దాకా రాదు, బరువు మాత్రం నాకంటే పన్నెండు కిలోలు ఎక్కువ. ఒకరి చెప్పులు ఒకరికి పట్టేవి కావు. గుండెలు మాత్రం అచ్చు గుద్దినట్టు ఒకటేనట.

నేను ముప్పై నాలుగేళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. దుకాణాల్లో త్రాసులు, రాళ్ళు, లీటరు కొలతలు సరిచూసి ముద్ర వేయడం నా ఉద్యోగం. బజార్లో నన్ను 'తక్కెడాయన' అనేవాళ్ళు. ఆ ఉద్యోగం నేర్పిన విషయం ఒకటుంది. ఒకే అచ్చులో పోసిన రెండు కిలో రాళ్ళు కూడా మంచి త్రాసులో పెడితే ఆఖరి అంకె దగ్గర విడిపోతాయి. రెండు కొలతలు ఆఖరి అంకె దాకా కలిశాయంటే ఒకటి కొలవలేదని అర్థం. అయిదుకి అయిదూ కలిశాయంటే రెండూ కొలవలేదు.

అక్క ఎదురుగా కుర్చీలో కూర్చుని, వాచిన పాదాలు స్టూలు మీద పెట్టుకుని, నా చొక్కాకి బొత్తాం కుడుతోంది. నలభై అయిదేళ్ళు బట్టలు కుట్టి బతికిన మనిషి. బావ పోయాక ఒంటరిగా ఉండేది. మా ఆవిడ పోయాక, 'నీకు టీ పెట్టుకోవడం కూడా రాదు' అంటూ మిషనుతో సహా వచ్చి నా ఇంట్లో దిగింది. ఏడాదిగా మోకాలు అరిగి మిషను తొక్కలేకపోతోంది. మోకాలి ఆపరేషను ఎల్లుండి, గురువారం. మత్తు ఇచ్చేముందు గుండె తట్టుకుంటుందో లేదో చూడమన్నారు. అందుకోసం తీసిన ఎకో ఇది.

"ఏంట్రా, ఆ కాగితాన్ని మింగేసేలా చూస్తున్నావ్?" అంది.

"అక్కా, నిన్న నీకు ఎకో ఎంతసేపు తీశాడు?"

"ఎవడు, ఆ రైలుబండా? పడుకోమన్నాడు, పడుకున్నాను. లేవమన్నాడు, లేచాను. మధ్యలో పక్కటెముకల మీద ఏదో గోకాడు."

"ఎంతసేపని అడుగుతున్నాను."

"నాలుగు నిమిషాలు ఉంటుందేమో. సూదిలో దారం ఎక్కించడానికి ఇప్పుడు నాకు అంతకంటే ఎక్కువ పడుతోంది. కానీ ఒకటిరా, ఒంటికి రాసిన జెల్లు మాత్రం వెచ్చగా ఉంది. సీసా వేడినీళ్ళ మగ్గులో పెట్టుకున్నాడు పాపం. ఆ మాత్రం ఎవరు చేస్తారు?"

నాకు ఆ వెచ్చటి జెల్లు గురించి వినాలని లేదు. మూడేళ్ళ కిందట మా ఆవిడ అదే గదిలోంచి బయటికొచ్చి, పైట సర్దుకుంటూ నవ్వింది. "ఏమండీ, ఇస్త్రీ చేసేవాడు చొక్కాకి ఇంతకంటే ఎక్కువ టైమిస్తాడు."

మేముండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. అప్పట్లో ఆవిడ రెండో మలుపు దగ్గర ఆగి, గోడకి చెయ్యి ఆనించి, "ఈ మెట్లు రోజుకొకటి పెరుగుతున్నాయండీ" అనేది. నేను ఒకరోజు నిజంగానే లెక్కపెట్టి చూపించాను. నలభై రెండు. "చూశావా, పెరగలేదు. రిపోర్టు నార్మల్ అంది, మెట్లు నలభై రెండే అన్నాయి. ఇక మిగిలింది నీ బద్ధకమే" అని ఎగతాళి చేశాను. ఆవిడ నవ్వి మళ్ళీ ఎక్కింది. పరీక్ష జరిగిన ఆరు నెలలకి, ఒక మధ్యాహ్నం, కూరగాయల సంచీతో ముప్పై ఒకటో మెట్టు మీద పడిపోయింది. నేను పైనుంచి దిగేసరికి అయిపోయింది.

దుకాణంలో ముద్ర ఉన్న రాయిని కూడా నమ్మకుండా మళ్ళీ తూచే మనిషిని నేను. ఇంట్లో మనిషి విషయంలో కాగితాన్ని నమ్మాను.

"లే అక్కా. ఆసుపత్రికి వెళ్దాం."

"ఎందుకు? ఆపరేషను ఎల్లుండి కదా."

"ఎకో మళ్ళీ తీయించాలి."

బొత్తాం దారం పళ్ళతో కొరికి నా వైపు చూసింది. "ఒరేయ్, ఈ తారీఖు కోసం అయిదు నెలలు ఆగాను. నార్మల్ అని రాసిస్తే నీకు నొప్పేంటి? నా తారీఖు పోగొట్టావో, నీ చొక్కాలకి బొత్తాలు నువ్వే కుట్టుకో."

"రాత్రి పడుకునేటప్పుడు ఎన్ని దిళ్ళు పెట్టుకుంటున్నావ్?"

పాదాల మీదికి చీర లాక్కుంది.

"మూడు. అవి లేకపోతే నీకు ఊపిరాడట్లేదు. పోయినేడు ఒకటి చాలింది. స్నానం చేసి వచ్చి పది నిమిషాలు ఆయాసపడుతున్నావ్. ఆ పాదాలు చూడు, వేలితో నొక్కితే గుంట పడుతోంది. అదంతా మోకాలేనా?"

"మోకాలు బాగైతే అన్నీ బాగవుతాయి" అంది గానీ, గొంతులో ధీమా లేదు. రెండు కాగితాలూ ఆమె ఒళ్ళో పెట్టాను. చదవడం నిదానం, కానీ కొలతలు ఆమెకి నాకంటే బాగా తెలుసు. ఒక అంకె మీద వేలు పెట్టి, రెండో కాగితంలో అదే చోట ఇంకో వేలు పెట్టి, అలా అయిదూ చూసింది.

"ఇది మా మరదలిదా?"

"ఊఁ."

"కవలపిల్లలకి కుట్టినా నడుము కొలత వేరుగా వస్తుందిరా" అంది మెల్లగా. తర్వాత చెప్పుల కోసం కాలు చాపింది.

* * *

ఆసుపత్రి కౌంటర్లో అమ్మాయి రెండు కాగితాలూ తిప్పి చూసి, "రెండూ నార్మలే కదండీ, ప్రాబ్లమేంటి?" అంది.

"అదే ప్రాబ్లం."

"నార్మల్ వచ్చిందని కంప్లెయింటు చేసేవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నానండీ."

"చూడు తల్లీ" అంది అక్క, కౌంటరు మీద మోచెయ్యి ఆనించి ఆయాసపడుతూ. "వీడు మంచివాడే. కానీ కొలత తేడా వస్తే మాత్రం మనిషి కాడు. ఎవరో ఒకరిని పిలువు, లేకపోతే సాయంత్రం దాకా ఇక్కడే నిలబడతాడు. నాకేమో నిలబడే ఓపిక లేదు."

ఆ అమ్మాయి అక్క మొహం చూసింది. లేచి, తను కూర్చున్న కుర్చీనే బయటికి తెచ్చి వేసింది. తర్వాత నిలబడే ఫోన్ చేసింది. ఆ రోజంతటిలో ఎవరూ అడగకుండా జరిగిన మొదటి మంచి పని అది. అప్పుడు నాకు పట్టలేదు గానీ, ఇప్పుడు రాస్తుంటే గుర్తొస్తోంది.

గుండె డాక్టరు వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, పేషెంట్లతో నిలబడే మాట్లాడే రకం. రెండు రిపోర్టుల కిందా ఆయన సంతకమే ఉంది. ఒకటి పోయిన మా ఆవిడది, ఒకటి అక్కది అని చెప్పాను. కాగితాలు అందుకుని అయిదు సెకన్లు చూశాడు.

"పెద్దాయనా, ఆరోగ్యంగా ఉన్న గుండెలు కొంచెం ఒకేలాగే ఉంటాయి."

"కొంచెం ఒకేలా ఉంటే నేను వచ్చేవాణ్ణి కాదండీ. అయిదు అంకెలు, దశాంశాలతో సహా ఒకటే ఉన్నాయి."

"అలా జరగొచ్చు."

"మీ ఆసుపత్రిలో బియ్యం బస్తాలు రెండు తెప్పించండి. ఒకే మిల్లువి, ఒకే రోజు నింపినవి. గ్రాముల్లో ఒకటే తూగితే నేను ఇంటికి వెళ్ళిపోతాను."

"చూడండి, మీ బాధ నాకు అర్థమవుతోంది. భార్య పోయినప్పుడు మనసు ఏదో ఒక కారణం వెతుక్కుంటుంది..."

అక్కడితో నా ఓపిక అయిపోయింది.

"నా మనసు సంగతి వదిలేయండి! ఆవిడ గుండెని కొలిచారా లేదా అని అడుగుతున్నాను! ఎల్లుండి ఈమెకి మత్తు ఇవ్వబోతున్నారు. ఈమె గుండెని కొలిచారా లేదా? అవును అనండి, లేదు అనండి! ఈ రెంటిలో ఒకటి చెప్పడానికి ఇంత చదువు ఎందుకు?"

హాల్లో అందరూ తిరిగి చూశారు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ముప్పై నాలుగేళ్ళలో ఏ వ్యాపారి మీదా అలా అరవలేదు. అక్క కుర్చీలోంచే నా చొక్కా అంచు పట్టుకుంది గానీ లాగలేదు. పట్టుకుని ఉంది, అంతే.

డాక్టరు కాగితాలు మళ్ళీ చూశాడు. ఈసారి అయిదు సెకన్లు కాదు. ఒకదాని మీద ఒకటి పెట్టి, లైటుకి ఎదురుగా ఎత్తి చూశాడు.

"ఎకో రూముకి రండి" అన్నాడు.

* * *

ఎకో తీసేవాడు, అక్క రైలుబండి అన్నవాడు, ముప్పై అయిదేళ్ళ సన్నటి మనిషి. కుడి మణికట్టుకి నల్ల పట్టీ ఉంది. ఛాతీకి ఆనించే ప్రోబును రోజంతా నొక్కిపట్టుకుని చేసే పని, నరాలు పట్టేస్తాయట. డాక్టరు కాగితాలు అతని ముందు పెట్టగానే ఏమీ అడగలేదు. అడగకపోవడంతోనే నాకు సగం తెలిసిపోయింది.

"మళ్ళీ తియ్యండి. పూర్తిగా. బయట లైను ఆగుతుంది" అన్నాడు డాక్టరు.

"సార్, ఇరవై మంది ఉన్నారు..."

"ఆగుతారు."

గది చిన్నది, లైట్లు తగ్గించి ఉంది. మంచానికి ఎడమవైపు పరుపు కొంత కోసి ఖాళీ ఉంచారు, ప్రోబు కిందినుంచి ఆనించడానికి. అక్కని ఎడమవైపు తిరిగి, ఎడమచెయ్యి తలకింద పెట్టుకుని పడుకోమన్నాడు. అలా తిరిగితే గుండె ఛాతీ గోడకి దగ్గరగా వస్తుందట. మూడు స్టిక్కర్లు అతికించి తీగలు తగిలించాడు. వేడినీళ్ళ మగ్గులోంచి సీసా తీసి, ముందు తన చేతి మీద ఒక చుక్క వేసుకుని చూసి, తర్వాత అక్కకి రాశాడు.

"ఇందులో కిరణాలు, కరెంటు ఏమీ లేవమ్మా" అన్నాడు. "మన చెవికి వినబడని శబ్దం లోపలికి వెళ్ళి, తగిలి వెనక్కొస్తుంది. దాన్నే మిషను బొమ్మగా గీస్తుంది. నొప్పి ఉండదు, కొంచెం నొక్కుతాను."

"నిన్న ఇదంతా చెప్పలేదే?" అంది అక్క.

అతను ప్రోబును ఆమె పక్కటెముకల మధ్య ఆనించాడు.

తెర మీద బూడిదరంగు విసనకర్రలాంటి బొమ్మ తెరుచుకుంది. దాని మధ్యలో ఏదో కదులుతోంది. మొదట నాకేమీ తెలియలేదు. అతను వేలితో చూపించాక కనబడింది. నాలుగు గదులు, వాటి మధ్య సన్నటి రెక్కల్లా కొట్టుకునే తలుపులు. ఆ తలుపులే వాల్వులు. అతనేదో మీట నొక్కితే ఎరుపు, నీలం మెరిశాయి.

"ఎర్రది మంచి రక్తం, నీలంది చెడ్డదా?" అక్క మెడ తిప్పి చూడబోయింది.

"కదలకండమ్మా. మంచీ చెడూ కాదు. ప్రోబు వైపు వచ్చే రక్తం ఎరుపు, దూరంగా వెళ్ళేది నీలం. దారి తెలియడానికి రంగు, అంతే. ఊపిరి వదిలేసి ఆపండి... ఊఁ, పీల్చండి."

ఉన్నట్టుండి గదిలో చప్పుడు మొదలైంది. ఉధృతంగా, లయగా.

"ఇదేంట్రా, నా లోపల ఎవరో బట్టలుతుకుతున్నారు!"

"మీ రక్తం వేగమేనమ్మా అది" అన్నాడు అతను. నవ్వబోయి ఆపుకున్నాడు.

పావుగంట, ఇరవై నిమిషాలు, అరగంట. అతను మాట్లాడటం తగ్గించేశాడు. ఒక బొమ్మని ఆపి, గుండె నిండినప్పుడు లోపలి అంచు వెంట గీత గీశాడు. అది పిండుకున్నప్పుడు ఇంకో గీత. రెంటికీ తేడా మిషను లెక్కగట్టింది. 37. మళ్ళీ గీశాడు. 35. మూడోసారి, ఇంకా నెమ్మదిగా. 36.

మూడు కొలతలు, మూడూ వేరు. ఆ గదిలో నాకు నమ్మకం కలిగిన మొదటి క్షణం అదే. వెంటనే ఆ అంకె అర్థం నా మీద పడింది.

"అరవై రెండు అన్నారు" అన్నాను.

"గుండెలోకి వంద చుక్కలు వస్తే, ఒక్కో దెబ్బకి యాభై అయిదు, అరవై దాకా బయటికి తోయాలి సార్." అతను తెరవైపే చూస్తున్నాడు. "అమ్మగారిది ముప్పై ఆరే తోస్తోంది. మిగిలింది వెనక ఆగిపోయి ఊపిరితిత్తుల్లోకి, కాళ్ళలోకి దిగుతుంది. అందుకే ఆయాసం, ఆ వాపు. ఈ పక్క గోడ కదలట్లేదు చూడండి. ఎప్పుడో చిన్న ఎటాక్ వచ్చి వెళ్ళి ఉంటుంది, తెలియకుండా."

డాక్టరు ముందుకి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"గురువారం మత్తు ఇచ్చి ఉంటే?" అని అడిగాను.

"ఆపరేషను లేదు" అన్నాడు. నా ప్రశ్నకి అది జవాబు కాదు, కానీ అదే జవాబు. "మందులు మొదలుపెడదాం. మూడు, నాలుగు నెలల్లో ఈ అంకె పెరగొచ్చు, చాలామందికి పెరుగుతుంది. అప్పుడు మోకాలి సంగతి చూద్దాం."

అక్క గోడవైపు చూస్తూ పడుకునే ఉంది. "పోయింది తారీఖు" అంది. నా వైపు తిరక్కుండానే, "చొక్కాలు తీసుకురా, బొత్తాలు నేనే కుడతాలే" అంది.

నేను రైలుబండి వైపు తిరిగాను. "నిన్న ఏం చేశావో చెప్పు."

అతను టిష్యూతో అక్క ఛాతీ మీది జెల్లు తుడుస్తూ చెప్పాడు. మిషన్లో ఒక రెడీమేడ్ పేజీ ఉంటుంది. ఒక మీట నొక్కితే అంకెలన్నీ నార్మల్‌గా నిండిపోతాయి. కంటికి ఏదైనా తేడాగా కనబడితే ఆ అంకె ఒక్కటీ మార్చాలి. లేకపోతే అలాగే ప్రింటు. "రోజుకి నలభై అయిదు మంది సార్. సరిగ్గా తీస్తే పన్నెండు మంది కంటే అవ్వరు. పదేళ్ళుగా ఒక్కణ్ణే. మొదట్లో అందరివీ కొలిచేవాణ్ణి."

"ముప్పై ఆరు కంటికి కనబడదా?"

"కనబడుతుంది సార్." తల ఎత్తలేదు. "చూస్తే కనబడుతుంది."

అతన్ని కొట్టాలనిపించింది. రాసేందుకు సిగ్గుగా ఉంది గానీ నిజం. చెయ్యి ఎత్తకపోవడానికి కారణం నా మంచితనం కాదు. ఆ రెడీమేడ్ పేజీ నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ కిందట, ఒక వానరోజు, ఒక వీధిలో ఇరవై రెండు త్రాసులు సరిచూడాల్సి ఉంటే, ఆరు చూసి, మిగతావాటికి వరండాలో నిలబడే ముద్రలు వేసేశాను. వాటిలో ఒకటి పిల్లల దవాఖానాది. పసిపిల్లల్ని తూచేది. అది మూడు వందల గ్రాములు ఎక్కువ చూపిస్తోందని నెల తర్వాత ఒక నర్సు కనిపెట్టింది. నేను పరుగెత్తుకెళ్ళి త్రాసు బాగుచేయించాను. ఆ నర్సుకి దండం పెట్టాను. కానీ ఆ నెలలో బరువు బాగానే ఉందని ఇంటికి పంపేసిన పిల్లలెవరో అడగలేదు. ఎవరూ అడగమనలేదు కనక అడగలేదు.

"మా ఆవిడ బొమ్మలు మిషన్లో ఉన్నాయా?" అన్నాను.

రైలుబండి డాక్టరు వైపు చూశాడు. వద్దని చెప్పడానికి డాక్టరుకి హక్కుంది. ఒక నిమిషం ఆయన చేతిలోని పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, "చూపించండి" అన్నాడు.

తేదీ కొట్టి వెతికాడు. ఆ నాలుగైదు నిమిషాల్లో తీసినవి రెండే ముక్కలున్నాయి, ఒక్కోటి మూడు సెకన్లు.

తెర మీద మా ఆవిడ గుండె కొట్టుకుంటోంది.

మూడు సెకన్లు కొట్టుకుని, ఆగకుండా మళ్ళీ మొదటినుంచి కొట్టుకుంటోంది. ఆవిడ చెయ్యి పట్టుకుని నాడి చూసిన రోజులున్నాయి, గుండె మీద తల పెట్టుకుని విన్న రోజులున్నాయి. చూడటం మాత్రం అదే మొదటిసారి. అక్క మంచం మీదే లేచి కూర్చుని, దుప్పటి కప్పుకుని, నా మోచెయ్యి పట్టుకుంది.

"కొలువు" అన్నాను.

అతను గోడకి ఆ చివరా ఈ చివరా గుర్తు పెట్టాడు. ఒక గుర్తు జారింది, మళ్ళీ పెట్టాడు. 1.5.

కాగితం మీద 0.9 ఉంది.

"వాల్వు చూడండి సార్" అన్నాడు, దాదాపు వినబడకుండా. "ఆ తెల్లగా, మందంగా ఉన్నవి. అవి రెక్కల్లా తెరుచుకోవాలి. తెరుచుకోవట్లేదు. సన్నటి సందులోంచి రక్తాన్ని తోయడానికి గుండె ఎంత కష్టపడిందో, అందుకే గోడ అంత మందమైంది."

మెట్లు పెరుగుతున్నాయండీ అనేది. నిజంగానే పెరిగాయి.

"వాల్వు మారిస్తే?"

ఈసారి డాక్టరు తప్పించుకోలేదు. "అప్పటికి మార్చే పరిస్థితే. సమయం ఉండేది" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది, అది కూడా వేడిగా కాదు, చల్లగా, తూకపురాయిలా. "ఆ రిపోర్టు మళ్ళీ రాయండి. ఈ రోజు తేదీతో. 0.9 కొట్టేసి 1.5 రాసి, వాల్వు సంగతి రాసి, కింద ఇద్దరూ సంతకం పెట్టండి."

"అది ఇప్పుడు దేనికి..."

"ఆవిడది బద్ధకం కాదని నాకో కాగితం కావాలి."

రాశారు. ఇద్దరి సంతకాలూ పడ్డాయి. డాక్టరు కాగితం ఇస్తూ, "ఇంకేమైనా చెయ్యగలనా?" అన్నాడు. మామూలుగా అనే మాటే. నేను మామూలుగా తీసుకోలేదు.

"మా శాఖలో ఒక పద్ధతుందండీ. దుకాణంలో ఒక్క దొంగరాయి దొరికితే మిగతా రాళ్ళన్నీ తూచాల్సిందే. ఈ అయిదు అంకెలూ ఇలాగే ఉన్న రిపోర్టులు ఎన్ని ఉన్నాయో తీయించండి. వాళ్ళందర్నీ పిలిపించండి."

"మూడేళ్ళవా? జనం భయపడిపోతారు."

"భయపడనివ్వండి. భయపడినవాళ్ళు మెట్ల దగ్గర ఆగుతారు."

డాక్టరు మిషను ముందునుంచి పక్కకి జరిగాడు. మీటలు కొట్టింది రైలుబండి, ఎవరూ చెప్పకుండానే. కాసేపటికి తెర మీద ఒక అంకె వచ్చింది. ఆరు వేల పధ్నాలుగు.

అతను దాన్ని పైకి చదవలేదు. నేనే చదివాను.

బయటికి వస్తుంటే తలుపు దగ్గర ఆపాడు. "నా మీద కంప్లెయింటు ఇస్తారా సార్?"

"ఇస్తాను."

తల ఊపాడు.

"నీకు నాలుగు నిమిషాలే ఇచ్చిన వాళ్ళ మీద కూడా ఇస్తాను. ఆ ఆరు వేల పధ్నాలుగు మందిలో ఎంతమంది వచ్చారో చూడ్డానికి రేపు తొమ్మిదింటికి వస్తాను. ఎల్లుండి కూడా వస్తాను."

"ఆ జెల్లు అలాగే వెచ్చగా ఉంచు బాబూ" అంది అక్క నా వెనకనుంచి. ఆమె అలాంటిదే. నేను మాత్రం అప్పుడు వెనక్కి తిరగలేదు.

* * *

మా బిల్డింగు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కింది వాటాలో చెప్పులు కుట్టే ఆయన అక్క వాలకం చూసి, అడక్కుండానే తన రెండు ప్లాస్టిక్ కుర్చీలు తీసుకొచ్చి ఒకటి మొదటి మలుపులో, ఇంకోటి రెండో మలుపులో వేశాడు. "ఇవి ఇక్కడే ఉంటాయి పెద్దమ్మా, మీకు ఆయాసం తగ్గేదాకా" అన్నాడు.

మెట్టు ఎక్కడం, ఆగడం, ఊపిరి తీసుకోవడం, ఇంకో మెట్టు. నేను ఒక మెట్టు కింద నిలబడి నడుము దగ్గర చెయ్యి ఆసరా పెట్టాను. మొదటి కుర్చీలో అయిదు నిమిషాలు, రెండో కుర్చీలో పది నిమిషాలు కూర్చుంది. చంకలో ఉన్న ఫైలు బరువుగా అనిపించింది. అందులో మా ఆవిడ పేరుతో రెండు కాగితాలున్నాయి ఇప్పుడు.

రెండో కుర్చీలోంచి లేచి మూడు మెట్లు ఎక్కాక అక్క మళ్ళీ ఆగింది. గోడకి చెయ్యి ఆనించింది.

"ఎన్నోదిరా ఇది?"

నాకు తెలుసు. లెక్కపెట్టకుండానే తెలుసు. ముప్పై ఒకటి.

"ఏంట్రా మాట్లాడవ్? నలభై రెండే అంటావు కదా ఎప్పుడూ. ఇవాళ ఎక్కువున్నట్టున్నాయి."

"పెరిగాయక్కా" అన్నాను.

ఫైలు పక్కన పెట్టి, ఆమెని ఆ మెట్టు మీదే కూర్చోబెట్టి, నేనూ పక్కనే కూర్చున్నాను.